పురమందిరము: సభాభవన నిర్మాణచరిత్రపై ఒక పరిశీలనము

ఒక ఊరి పూర్వచరిత్రను తెలిసికొనగోరువాడు ముందుగా ఆ ఊరి కోటను, గుడిని, మసీదును, చెరువుకట్టను చూచును. వీనిని గురించి శాసనములు కలవు, కైఫీయతులు కలవు. వ్రాసిన పండితులును పెక్కురు కలరు. మన పట్టణములయందు ఐదవ కట్టడ మొకటి కలదు. జనులు దానిని టౌనుహాలందురు. గ్రంథభాషలో అది పురమందిరము. మన దేశమున దాని వయస్సు ఇంచుమించు రెండు శతాబ్దులు మాత్రమే. 1813లో పూర్తియైన కలకత్తా టౌనుహాలు ఈ జాతి కట్టడములలో ప్రాచీనమైనది. దీనికి స్థలపురాణము లేదు, మూలవిరాట్టు లేదు. అందుచేత పరిశోధకుల చూపు దీనిమీద అరుదుగా నిలిచినది.

అయినను ఈ కట్టడమునకు వేరొక విశేషము కలదు. కోట రాజుది, గుడి దేవునిది, గడి దొరది. పురమందిరము పేరుకైనను పురజనులది. పదిమంది ఒకచోట కూడి తమ సంగతులను తాము మాటాడుకొనుటకై కప్పు వేసిన స్థల మిది. కాని కప్పు వేయుట యొకటి, మాటాడనిచ్చుట యొకటి. ఈ రెండును ఒకేనాడు ఒకేచోట సమకూడిన ఊళ్లు కొన్ని. కప్పు ముందు వచ్చి మాట చాలకాలమునకు వచ్చిన ఊళ్లు కొన్ని. కప్పు లేకయే మాట పుట్టిన ఊళ్లు మరికొన్ని. హైదరాబాదు రెండవ తెగకు, సిద్దిపేట మొదలగు పూర్వపు మెదకు జిల్లా ఊళ్లు మూడవ తెగకు చెందును. ఈ భేదమును కట్టడముల రూపమునుబట్టియు, వానిని వాడుకొనిన తీరునుబట్టియు నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

1. మాటలు చెప్పు చరిత్ర

నిర్మాణచరిత్రకు భాష యొక సాక్షి. మేస్త్రి నోటనుండు మాటలను ఏరి చూచినచో కట్టుబడి పద్ధతులు ఏ త్రోవన మనకు వచ్చినవో తేటపడును. దూలము, వాసము, అరుగు, గోడ మన యింటి మాటలు. స్తంభము, మండపము, గోపురము సంస్కృతమునుండి వచ్చి మనలో కలిసినవి. కమాను పారసీకపదము, దానికి విల్లు అని అర్థము. విల్లువలె వంగిన కట్టుబడికి ఆ పేరు తగియున్నది. గుంబదు మనకు గుమ్మటమైనది. బుర్జు బురుజైనది. గచ్చు అను మాటకును పారసీకమందలి గచ్ అను మాటకును గల పోలిక స్పష్టము. మేస్త్రి అను మాటయే పోర్చుగీసువారినుండి వచ్చినది. చివరకు వచ్చినది హాలు, అది ఆంగ్లము.

ఈ హాలునకు మనవారు రెండు పేర్లు పెట్టిరి. వ్యవహారమున టౌనుహాలు అను మాటనే నిలుపుకొనిరి. సభాపత్రములలోను, ఫలకములమీదను పురమందిరమని వ్రాసిరి. నెల్లూరులోని రేబాల లక్ష్మీనరసారెడ్డి పురమందిరము పేరు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. మందిరమనగా సంస్కృతమున ఇల్లు. తెలుగువాని చెవికి మాత్రము ఆ మాటలో దేవాలయపు ఛాయ కూడ వినవచ్చును. మునిసిపాలిటీవారి సమావేశపు గదికి మందిరశబ్దము చేర్చుటచేత ఊరి మాటకు ఒక గౌరవము కల్పించినట్లైనది.

నిజాము రాష్ట్రమున ఈ భావమునకు మరియొక మాట ఉండెను. అది ఆమ్. ఖాస్ అనగా ఏలినవారికి, వారి ఆంతరంగికులకు చెందినది. ఆమ్ అనగా సర్వజనులకు చెందినది. దీవానెఆమ్ అను మొగలుల కొలువుకూటపు పేరు మనకు తెలిసినదే. హైదరాబాదు నాంపల్లిలోని ఉద్యానమునకు బాగెఆమ్ అని పేరు. ఆ సర్వజనుల తోటలోనే తరువాత పురమందిరము వెలసినది. ఆమ్ అను మాటలో జనులకు ప్రవేశము కలదు, అధికారము లేదు. తోటకు రావచ్చును, తోట యెవరిదో మరువరాదు. ఈ అర్థభేదము ముందు మనకు ఉపకరించును.

2. మండపమునుండి హాలు వరకు

సభ జరుగవలెనన్న కట్టడమునకు ఒక గుణము అవశ్యము. మాటాడువాడు అందరికి కనబడవలెను, వినబడవలెను. మన ప్రాచీన మండపములు ఈ పనికై ఉద్దేశింపబడినవి కావు. 1163లో రుద్రదేవుడు కట్టించిన హనుమకొండ వేయిస్తంభముల గుడిని చూడుడు. అందలి స్తంభముల నునుపు, చెక్కడపు పని అసామాన్యములు. అయినను ఆ స్తంభములు దగ్గర దగ్గరగా నిలిచియుండును. అందుకు కారణము శిల్పి రుచి మాత్రమే కాదు, రాతి స్వభావము. రాయి బరువును మోయగలదు గాని వంపును ఓర్వలేదు. రెండు కంబములమీద పరచిన రాతిదూలము పొడవైనకొలది దాని అడుగుభాగము సాగి, పగులును. కావున రాతికప్పు గల మండపమున కంబములు దట్టముగ నుండక తప్పదు. అచ్చట నృత్యము చూడవచ్చును, ప్రదక్షిణము చేయవచ్చును. వేయిమంది కూర్చుండి ఒక్కని మొగమును చూచుట సాధ్యము కాదు.

ఈ చిక్కును విడదీసినది కమాను. కమానులోని ప్రతిరాయియు ప్రక్కరాతిచేత నొక్కబడియుండును. సాగుడు లేదు, నొక్కుడే కలదు. నొక్కుడును రాయి చక్కగా ఓర్చును. ఓరుగల్లు కోటలోని ఖుష్‌మహలు తెలంగాణమున ఈ పద్ధతికి గొప్ప నిదర్శనము. జనులు దానిని షితాబుఖాను పేర చెప్పుకొందురు; 14వ శతాబ్దిలో తుగ్లకుల యేలుబడియందు కట్టబడినదని నిర్మాణచరిత్రకారుల నిర్ణయము. దానికి వాలుగా లేచిన మందపు గోడలు. లోపల గోడనుండి గోడకు దూకిన ఎత్తైన కమానుల వరుస. నడుమ ఒక్క కంబమైనను లేదు. కమాను తన బరువును క్రిందికే కాక ప్రక్కలకును త్రోయును. ఆ త్రోపుడును ఆపుటకే ఆ గోడలంత మందము. వేయిస్తంభముల మండపమునకును దీనికిని మధ్య రెండు శతాబ్దులైన గడువలేదు. కాని స్థలభావనయే మారిపోయినది.

అయినను ఖుష్‌మహలు సభాభవనము కాదు, కొలువుకూటము. అచ్చట ఒకడు కూర్చుండును, తక్కినవారు నిలుతురు. కంబములు తొలగి చూపునకు అడ్డు లేకపోయినను ఆ చూపు ఒక్క దిక్కుకే పోవును. ఊళ్లలోని గడి కూడ ఇట్టిదే. గడి ముంగిటికి జనులను పిలిపింతురు, తమంత తాము రారు. రచ్చకట్టకు మాత్రము జనులు తమంత తాము వత్తురు. కాని అచ్చట కప్పు వేపచెట్టు. కొలువుకూటపు కప్పును రచ్చకట్ట స్వాతంత్ర్యమును ఒకచోటికి తెచ్చుటయే పురమందిరము చేయవలసిన పని.

19వ శతాబ్ది ఉత్తరార్ధమున ఇనుపదూలములును, టేకు దూలముల కూర్పులును విరివిగా వాడుకలోనికి వచ్చినవి. మందపు గోడలు లేకయే విశాలమైన గదికి కప్పు వేయుట సులభమైనది. టేకు వాసములమీద ఇటుకలను నిలువుగా పేర్చి సున్నముతో బిగించి, పైన సున్నపు కంకర దిమ్మిస వేయు కప్పునకు మద్రాసు మిద్దె అని ప్రసిద్ధి. ఎండ తాకిడికి చుట్టు వసారాలు, వేడిగాలి పోవుటకు గోడల పైభాగమున చిన్న కిటికీలు, చివర ఎత్తైన వేదిక, ప్రక్కగా ఒక చదువుకొను గది: దక్షిణదేశపు టౌనుహాళ్లకు ఇది సామాన్యరూపము.

3. మద్రాసు, సర్కారు పట్టణములు

మద్రాసులోని విక్టోరియా పబ్లిక్ హాలునకు 1883 డిసెంబరు 17వ తేదీన పునాదిరాయి వేసినవారు విజయనగర మహారాజు పూసపాటి ఆనందగజపతిరాజు. దాని రూపమును కల్పించినవాడు రాబర్టు చిషోమ్. కట్టించిన కంట్రాక్టరు నంబెరుమాళ్ చెట్టి. 1888 ప్రారంభమున గవర్నరు కానెమరా దానిని తెరచెను. ఎఱ్ఱ ఇటుకల గోడలు, కమానుల వరుసలు, తిరువాన్కూరు పద్ధతి టోపి పెట్టుకొనిన గోపురము, ఇట్లు పలు దేశముల పోకడలు అందు కలిసినవి. పేరు రాణిది, సొమ్ము సంస్థానాధీశులయు, వర్తకులయు, వకీళ్లయు చందాలది. అచ్చట నాటకములు ఆడిరి, ఉపన్యాసములు ఇచ్చిరి. 1916లో జస్టిసు పార్టీకి మూలమైన సమావేశమును ఆ హాలుననే జరిగినది. రాణి పేర కట్టిన ఇంటిలో రాజకీయము చొచ్చుటకు మూడు దశాబ్దులైన పట్టలేదు.

1890లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు టౌనుహాలును కట్టించెను. ఇది వేరొక తీరు. పంతులు జమీందారుడు కాడు, బడిపంతులు. 1881లో తొలి వితంతు వివాహమును జరిపించినప్పుడు ఆయనకు ఎదురైన చిక్కులు సుప్రసిద్ధములు. కులపెద్దలు కాదన్న మాటను చెప్పుటకు కులపెద్దల కరుణతో నిమిత్తము లేని చోటు కావలెను. గుడి మండపము దొరకదు. పెద్దల చావడి దొరకదు. సొంత కప్పు కావలెను. రాజమహేంద్రవరపు టౌనుహాలు వెనుకనున్న హేతువును ఇట్లు గ్రహింపవలెను. అచ్చట మాట ముందు పుట్టినది; ఆ మాటకై కప్పు తరువాత లేచినది.

విశాఖపట్టణమున సముద్రమునకు ఎదురుగా రాతితో కట్టిన టౌనుహాలు బొబ్బిలి మహారాజు విరాళమున 20వ శతాబ్ది తొలినాళ్లకు సిద్ధమైనది. నెల్లూరి పురమందిరము దాత పేరనే వెలసినది. దాతలు జమీందారులైనను, భూస్వాములైనను, ఈ ఊళ్లన్నింట ఒక సమానధర్మము కలదు. మునిసిపాలిటీయు, వార్తాపత్రికయు, వకీళ్ల సంఘమును అప్పటికే అచ్చట ఉండెను. హాలు వానికి చేర్పు. ప్రభుత్వము అనుమానపడినప్పుడు సభలను నిషేధించినది నిజమే. కాని సభ కూడుటకు ముందే ప్రతిసారియు సెలవు వేడవలెనను నియమము సామాన్యమై యుండలేదు.

4. హైదరాబాదు పురమందిరము

ఆరవ నిజాము మీర్ మహబూబు అలీఖాను 1866 ఆగస్టులో, హిజరీ లెక్కకు 1283లో, జన్మించెను. చాంద్రమాన సంవత్సరము సౌరమానముకంటె ఇంచుమించు పదునొకండు దినములు తక్కువ. అందుచేత ఆయనకు నలువదియేండ్లు నిండినది హిజరీ 1323లో, అనగా 1905లో. ఈ సందర్భమునకు స్మారకముగ నగరవాసులు ఒక టౌనుహాలును కట్టింప నిశ్చయించిరి. 1905లో నిజామే పునాదిరాయి వేసెను. కట్టడము 1913లో పూర్తియైనది.

నడుమ గడచిన ఆ యెనిమిదేండ్లు హైదరాబాదు చరిత్రలో సామాన్యమైనవి కావు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచెత్తినది; వేలకొలది జనులు మడిసిరి. 1911లో మహబూబు అలీఖాను మరణించెను. ఎవని జన్మోత్సవమునకై కట్టడము మొదలైనదో అతడు దాని పూర్తిని చూడలేదు. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడినది. 1914లో విన్సెంటు ఎష్ అను వాస్తువేత్త వచ్చి హైకోర్టు, సిటీ హైస్కూలు, ఉస్మానియా ఆస్పత్రి మొదలగు భవనములకు రూపకల్పన చేసెను. పురమందిరము ఈ రెండు యుగముల సంధిలో నిలిచినది. మూసీయొడ్డున లేచిన హైకోర్టు ఎఱ్ఱరాతి గంభీరత ఏడవ నిజాము కాలపు పరిపాలనను తలపించును. పురమందిరపు తెల్లదనము, గుమ్మటముల సౌకుమార్యము ఆరవ నిజాము దర్బారును తలపించును.

దాని రూపమును పరిశీలింతము. రెండంతస్తులుగ నిలిచిన శ్వేతభవనమిది. రేకులుగ విచ్చుకొన్న కమానులు, చిన్న పెద్ద గుమ్మటములు, గచ్చుతో తీర్చిన లతలు గలవు. ఇరాను, మొగలు, రాజపుత్ర పద్ధతుల కలయిక దీనియందు కనబడునని విమర్శకులు చెప్పుదురు. ఈ సొగసునకు ఆధారము డంగు సున్నము. సున్నమును ఇసుకతో కలిపి గానుగలోవేసి, ఎద్దులు త్రిప్పు రాతిచక్రము క్రింద నలిపి మెత్తచేయుట దక్కను మేస్త్రీల పద్ధతి. బంకకు బెల్లపు నీరు, కరక్కాయ కషాయము కలుపుటయు ఉండెను. ఈ సున్నము మెల్లగా గట్టిపడును. గాలిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చుకొని మరల రాయిగ మారును. చేతికి లొంగుచు చాలసేపు మెత్తగా నుండుటవలననే అందుతో పూవులు, తీగెలు తీర్చుట సాధ్యమయ్యెను.

మద్రాసు హాలు ఎఱ్ఱ ఇటుకతో రహదారి ప్రక్కన, రైలుస్టేషను చెంత నిలిచినది. దారినపోవు వాడు లోనికి తొంగిచూడవచ్చును. హైదరాబాదు పురమందిరము తోట నడుమ, తెల్లని దివాణమువలె నిలిచినది. పేరు టౌనుహాలు, రూపము మహలు. నగరవాసుల చందా, ఏలిక జన్మోత్సవము, సర్వజనుల తోట అను మూడింటి భావమును ఆ రూపము నిజాయితీగానే తెలుపుచున్నది. అది పౌరులు తమ ప్రభువునకు సమర్పించిన కానుక. కానుకగా ఇచ్చిన ఇంటిలో ఇచ్చినవాని మాట పెద్దగా వినబడదు.

5. కప్పు ఒకచోట, మాట ఒకచోట

అయితే ఆ నగరమున తెలుగువారి మాట ఎచ్చట వినబడెను? 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమైనది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వేంకటరంగారావు, రావిచెట్టు రంగారావు దానికి మూలస్తంభములు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. పేరుకు ఇవి గ్రంథాలయములు. పనికి ఇవి పురమందిరములు. పుస్తకము చదువుటకు సెలవక్కరలేదు. చదివినదానిని గురించి పదిమంది మాటాడుకొన్నచో అది సభయే. మొదటి నిలయము రెసిడెన్సీ బజారు ప్రాంతమున నుండుటయు గమనింపదగినది. ఆ ప్రాంతము 1933 వరకు ఆంగ్ల రెసిడెంటు ఏలుబడిలో నుండెను. తోటలోని తెల్ల మహలు నీడకంటె ఆ వీధి యిరుకున ఊపిరి పీల్చుకొనుట సులభముగా నుండెను.

1921 నవంబరులో వివేకవర్ధినీ ప్రాంగణమున సంఘసంస్కార మహాసభ జరిగినది. మహర్షి కార్వే అధ్యక్షుడు. ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున మాటాడ లేచినంతనే సభలో కొందరు గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆ రాత్రియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. నగరమున పురమందిరము పూర్తియై అప్పటికి ఎనిమిదేండ్లు. కప్పు కొరతవలన తెలుగు మాట ఆగలేదు. వినుటకు సిద్ధమైన సభ లేకపోవుటవలన ఆగినది.

జిల్లాలలో చిక్కు ఇంకను పెద్దది. సభ జరుపగోరువారు ముందుగా సర్కారు సెలవు పొందవలెనను గస్తీ నిషాన్ 53 అమలులో నుండెను. జనులు దానిని గస్తీ నిషాన్ తిర్పన్ అని చెప్పుకొనెడివారు. ఇట్టి స్థితిలో ఒక తాలూకా ఊరివారు చందాలు కూడబెట్టి సభాభవనము కట్టించుట ఎట్లు? కట్టినను తాళము ఎవరిచేత నుండును? ఈ ప్రశ్నకు మన పూర్వులు చెప్పిన జవాబు పందిరి.

1930లో తొలి ఆంధ్రమహాసభ పూర్వపు మెదకు జిల్లాలోని జోగిపేటలో జరిగినది; సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షుడు. దానితోపాటు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభయు జరిగినది. 1931లో దేవరకొండ, 1934లో ఖమ్మము, 1935లో సిరిసిల్ల, 1936లో షాద్‌నగరు, 1937లో నిజామాబాదు. ఇట్లు సభ ఊరినుండి ఊరికి నడచినది. సిరిసిల్ల సిద్దిపేటకు పొరుగుననున్న నేతపని ఊరు. ఆ సభకు మాడపాటి హనుమంతరావు అధ్యక్షుడు. 1944లో భువనగిరి సభనాటికి ఉద్యమరూపమే మారినది.

పందిరిని నిర్మాణచరిత్రలో చేర్చుట తగునా అని కొందరు శంకింపవచ్చును. తప్పక తగును. గుంజలు, వెదుళ్లు, తాటికమ్మలు. ఒక పూటలో లేచి, సభ ముగిసిన మరునాడు విప్పబడు కట్టడమిది. దీనికి స్పష్టమైన వాస్తుధర్మములు కలవు. గోడ లేదు, కనుక లోపల, వెలుపల అను భేదము లేదు. తలుపు లేదు, కనుక తాళము లేదు. జనులు పెరిగినకొలది ఒక అంకణము చేర్చవచ్చును. పెండ్లికి వేసిన పందిరియే రేపు సభకు పనికివచ్చును. నిలిచియుండు కట్టడమును సర్కారు జప్తు చేయవచ్చును. విప్పిన పందిరిని ఎవరు జప్తు చేయగలరు? తెలంగాణపు తాలూకా ఊళ్లలో పౌరజీవనమునకు తొలి పురమందిరము ఈ తాటికమ్మల పందిరియే.

6. మాట మహలు చేరుట

1948 సెప్టెంబరులో నిజాము పాలన అంతరించినది. 1952లో వయోజన వోటుహక్కుతో ఎన్నికలు జరిగినవి. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. కాశీనాథరావు వైద్య స్పీకరు. సభ్యులు 175 మంది. హైదరాబాదు రాష్ట్ర శాసనసభ సమావేశములకు నెలవైనది ఆ నాంపల్లి పురమందిరమే. తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతముల ప్రతినిధులు అందు కూర్చుండిరి. ఉర్దూతోపాటు ఈ భాషలును సభలో వినబడినవి.

1921లో వివేకవర్ధినిలో తెలుగు మాటను గేలిచేసిరి. 1952లో ఒక ప్రభువు జన్మోత్సవమునకై కట్టిన మహలులో తెలుగు మాట హక్కుగా పలుకబడినది. మధ్య 31 ఏండ్లు. ఆ కాలమున కట్టడపు రూపరేఖ మారలేదు. కమానులు, గుమ్మటములు అవియే. మారినది అందు కూర్చుండువారి అధికారము. జోగిపేట పందిరిలో పెరిగిన మాట నాంపల్లి మహలులో ప్రవేశించినప్పుడే, 1913లో పూర్తియైన ఆ భవనము నిజమైన అర్థమున పురమందిరమైనది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప శాసనసభ అచ్చటనే సాగినది. సభ్యసంఖ్య పెరిగి చోటు చాలనందున 1980వ దశకమున ప్రక్కనే కొత్త సభాభవనమును, పాతదాని పోలికలను కొన్ని నిలుపుకొని, కట్టిరి. 2014లో ఆ ప్రాంగణము తెలంగాణ శాసనసభకు నిలయమైనది.

ఈ గౌరవమునకు ఒక మూల్యమును కలదు. శాసనసభయైన పురమందిరము మరల సామాన్యుల సభకు దొరకదు. ద్వారమున కాపలా, చేతిలో అనుమతిచీటి తప్పనిసరి. రాష్ట్రమునకు సభ దొరకినది. ఊరికి హాలు పోయినది. రాజధానిలో జరిగిన ఈ మార్పు జిల్లా ఊళ్లకు ఒక పాఠము.

7. సిద్దిపేట

హైదరాబాదునకు ఉత్తరమున సుమారు 100 కిలోమీటర్ల దూరమున, కరీంనగరు పోవు మార్గమున సిద్దిపేట కలదు. కోమటిచెరువు దానికి జలాధారము. గొల్లభామ చీర దాని చేతిపనికి గుర్తు. 1952లో మునిసిపాలిటీయు, 1956లో డిగ్రీ కళాశాలయు వచ్చినవి. ఈ రెండు సంవత్సరములు మీద చెప్పిన కథలోని మలుపులే యగుట గమనింపుడు. ఓటుహక్కు వచ్చిన యేడు ఊరికి పురపాలన వచ్చినది. తెలుగు రాష్ట్రము ఏర్పడిన యేడు ఊరికి ఉన్నతవిద్య వచ్చినది.

సిద్దిపేటలో సంస్కృతి భవనముల చుట్టు కాక మనుష్యుల చుట్టు పెరిగినది. చిత్రకారుడు కాపు రాజయ్య ఈ ఊరివాడు. పల్లెజనుల జీవనమును, బోనములను, పండుగలను ఆయన కుంచె దేశమంతటికి చూపినది. వేముగంటి నరసింహాచార్యులు కవిగను, సాహిత్యసంఘముల నిర్వాహకుడుగను ఈ ప్రాంతమునకు పేరు తెచ్చెను. 1986లో మంజీర రచయితల సంఘము ఇచ్చట పుట్టినది. ఇట్టి సంఘములకు ఒక బడిగది, ఒక గ్రంథాలయపు వసారా, ఒక డాబా చాలును. 2009 నవంబరులో ప్రత్యేకరాష్ట్ర దీక్షకై రంగధాంపల్లి వద్ద ఏర్పాటు చేసినదియు శిబిరమే. జోగిపేటనాటి పందిరి ఎనుబదియేండ్లకు పొరుగున మరల లేచినట్లైనది.

2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లాకేంద్రమైనది. 2021 జూనులో జిల్లా కార్యాలయముల సముదాయము పట్టణమునకు వెలుపల, దుద్దెడవద్ద ప్రారంభమైనది. 2023 అక్టోబరులో రైలు వచ్చినది. విపంచి కళానిలయమువంటి ఆధునిక సభాగృహమును ఊరికి సమకూడినది. చల్లని గాలి, మెత్తని కుర్చీ, చక్కని ధ్వనియంత్రములు గల ఇట్టి భవనములు వేడుకలకు మిక్కిలి అనుకూలములు. అయితే పురమందిర చరిత్రను చదివినవాడు ఏ సభాభవనమునైనను మూడు ప్రశ్నలు అడుగవలెను. సామాన్యుడు కాలినడకను అచ్చటికి చేరగలడా? నలుబదిమంది గల చిన్న సంఘము దాని అద్దెను భరింపగలదా? అధికారులకు రుచింపని మాట చెప్పువానికి కూడ దాని తలుపు తెరువబడునా? మొదటి ప్రశ్న స్థలనిర్ణయమునకు, రెండవది పరిమాణమునకు, మూడవది యాజమాన్యమునకు సంబంధించినవి. ఈ మూడును వాస్తుశాస్త్రములోని ప్రశ్నలే. పెద్దహాలు ఒక్కటి కట్టుటకంటె, పెద్దహాలు ప్రక్కన చిన్నగది యొకటి, ఒక వసారా, ఒక చదువుకొను గది కలుపుట ఊరికి ఎక్కువ మేలు. పాత టౌనుహాళ్ల నిర్మాతలు ఈ సంగతిని ఎరుగుదురు.

8. రక్షణము, పరిశోధనము

చిన్న పట్టణములలోని పాత సభాభవనములు, గ్రంథాలయములు, చావడులు వేగముగ మాయమగుచున్నవి. కొన్ని కూల్చబడుచున్నవి, ఎక్కువభాగము మరమ్మతువలననే చెడుచున్నవి. సున్నపు గోడ చెమ్మను పీల్చును, మరల గాలికి విడుచును. దానిమీద సిమెంటు పూత పూసినచో చెమ్మ లోపలనే చిక్కును. అందలి లవణములు పూతవెనుక పేరుకొని దానిని రేకులుగా ఊడదీయును, లోని ఇటుకను పొడిచేయును. సున్నపు గోడకు సున్నమే మందు. తెల్లసున్నము కొట్టుట పేదపని యనుకొని చమురురంగులు వేయువారు కట్టడపు ఆయువును తగ్గించుచున్నారు.

తెలుగు శాఖలకు ఇందు పనిలేదనరాదు. విద్యార్థి తన ఊరి సభాభవనమును అడుగులతో కొలిచి, దాని పటమును గీయవలెను. గోడలోని శిలాఫలకమును అక్షరము తప్పకుండ వ్రాసికొనవలెను. దాతల పేర్ల క్రింద మేస్త్రి పేరున్నదేమో చూడవలెను. వృద్ధులైన తాపీపనివారు వాడు మాటలను, వాని అర్థభేదములను నిఘంటువునకెక్కని వానితో సహా సేకరింపవలెను. పురపాలక సంఘపు తీర్మానముల పుస్తకములు, సభల కరపత్రములు, ఆహ్వానపత్రికలు చెదలపాలు కాకముందే చదువవలెను. శాసనమును చదువుటకు పూర్వులు చూపిన శ్రద్ధలో పదవవంతు వీనిపై చూపినను పాతికేండ్ల పరిశోధనకు సరిపడు సామగ్రి లభించును.

వేయిస్తంభముల మండపమున కంబములు చూపునకు అడ్డుపడినవి. ఖుష్‌మహలున అడ్డు తొలగినది గాని చూపు సింహాసనమునకే పోయెను. నాంపల్లి తోటలో పౌరులు చందా వేసికొని కట్టిన మహలున వారి మాట వినబడుటకు 39 ఏండ్లు పట్టినది. జోగిపేట పందిరికి ఒక పూట పట్టినది. రాబోవు కాలమున మన ఊళ్లలో సభాభవనములు కట్టువారు మహలు దృఢత్వమును, పందిరి ఔదార్యమును ఒక్క కప్పు క్రిందికి తేగలిగినచో, పురమందిరమను మాటకు మన పెద్దలు ఉద్దేశించిన అర్థము నెరవేరును.